ఒంటిగంటకు వెనక్కి

తడిసిన ఉన్ని చేతితొడుగులు హీటరు ముందు ఆరుతుంటే ఒక వాసన వస్తుంది. గొర్రె బొచ్చు, పొగ, కాస్త యూకలిప్టస్. ఈ ఉదయం మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో మా హాలంతా అదే వాసన. ఆ తొడుగులు మా ఎదురింటి శారద ఆంటీవి. కాకినాడ నుంచి వచ్చి, ఇక్కడ చాలా ఏళ్లు డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. నాకు కొండలెక్కడం నేర్పింది ఆవిడే.

నేను చదివింది చరిత్ర. లెక్కలు నా అంతట నేను నేర్చుకున్నవి, అందుకే వాటి మీద మమకారం ఎక్కువ. మ్యాపులో ఎత్తుగీతలు చూసి ఏ మలుపుకి ఎప్పుడు చేరతామో కాగితం మీద వేసేవాణ్ణి. ఆంటీ అది చూసి, "ఎక్కడం సరే, వెనక్కి ఎప్పుడు తిరుగుతాం?" అన్నారు. శిఖరం చేరాక అన్నాను. "అదేం టైమ్ నాయనా? ఇంట్లో ఉన్నప్పుడే గంట పెట్టుకోవాలి. పైకెళ్లాక మన బుర్ర మన మాట వినదు."

ఫెదర్‌టాప్ కొండకి మొదటిసారి వెళ్లిన రోజు పొగమంచు వల్ల ఆలస్యంగా బయలుదేరాం. రేజర్‌బ్యాక్ గట్టు మీద, అటూ ఇటూ లోయల మధ్య నడిచి, ఆఖరి ఎత్తు కిందికి చేరేసరికి ఆంటీ గడియారం చూసుకున్నారు. "ఒంటిగంట. పద, వెనక్కి."

"అదిగో ఆంటీ, కళ్లెదురుగానే ఉంది. మబ్బు ముక్క కూడా లేదు."

"ఉండనీ. దాన్నెవరూ ఎత్తుకుపోరుగా."

నేను ముఖం మాడ్చుకుని నడిచాను. గాలికి వేళ్లు కొంకర్లు పోతుంటే తన తొడుగులు తీసి ఇచ్చారు. "అంత కోపంలో ఉన్నావు, వెచ్చగా ఉంటావనుకున్నానే." కారు దగ్గరికి వచ్చాక నేను ఊరుకోలేదు. "మబ్బు రాలేదు ఆంటీ." "మంచిదేగా, తడవలేదు," అన్నారు. తొడుగులు మాత్రం తిరిగి తీసుకోలేదు.

మరుసటి వేసవిలో పన్నెండు కాకముందే శిఖరం మీద ఉన్నాం. కింద కాలిపోయిన స్నో గమ్ చెట్ల తెల్లటి మానులు, వాటికి ఆవల నీలం కొండలు, వరస వెనక వరస. "ఒకే చీర ఒక్కో ఉతుక్కీ వెలిసినట్టు లేదూ?" అన్నారు ఆంటీ. చివరి వరస ఎంత దూరమో చెప్పబోయాను. దద్దోజనం డబ్బా నా చేతిలో పెట్టి, "లెక్క తర్వాత, ముందు తిను," అన్నారు. అంత సంతోషంగా ఇంకెక్కడైనా తిన్నానా అంటే గుర్తు రావడం లేదు.

ఆ తర్వాత ఆవిడకి కాన్సర్ అని తేలింది. మందులు పనిచేయడం మానేశాక, ఇంకో కోర్సు ప్రయత్నించవచ్చన్నారు డాక్టర్లు. ఆవిడ వద్దన్నారు. "షి లిజన్స్ టు యూ, ప్రసాద్," అని ఆవిడ కూతురు నన్ను పంపింది. దొరికినవన్నీ చదివి లెక్క వేసుకుని వెళ్లాను. "అవకాశం తక్కువే ఆంటీ. కానీ సున్నా కాదు."

"లెక్క సరిగ్గానే వేశావు ప్రసాద్. కానీ మొదటి సెలైన్ ఎక్కించకముందే నేను గంట పెట్టుకున్నా. నా కాఫీ నేను కలుపుకోలేని రోజున ఆపేయాలని."

"ఎవరికీ చెప్పలేదే?"

"చెబితే బేరమాడతారు."

మా ఇద్దరి మధ్యా బల్ల మీద కాఫీ కప్పులు ఉన్నాయి. కలిపింది నేను.

చలికాలం ముగియకముందే ఆవిడ పోయారు. ఇంకొక్క కోర్సు తీసుకుని ఉంటే ఏమయ్యేదో నేను ఎన్నో రకాలుగా వేసి చూశాను. తేలదు. ఇక ఎప్పటికీ తేలదని తెలిసి కూడా వేస్తూనే ఉంటాను.

నిన్న ఒక్కణ్ణే ఫెదర్‌టాప్‌కి వెళ్లాను. పొద్దున పొగమంచుకి తొడుగులు తడిసిపోయాయి. తర్వాత ఆకాశం తేటపడింది. ఆఖరి ఎత్తు కింద నిలబడి గడియారం చూసుకున్నాను, ఒంటిగంట. శిఖరం మీది రాళ్లు సైతం విడివిడిగా కనిపిస్తున్నాయి. వెనక్కి తిరిగాను. గట్టు పొడుగునా ఆగి ఆగి, తల తిప్పి చూస్తూనే నడిచాను. కారు దగ్గరికి వచ్చేదాకా మబ్బు రాలేదు.