అక్క మెడలో బిగుసుకున్న నల్లపూసలు

మొన్న మందుల షాపులో మా అక్క మనవరాలికి థైరాయిడ్ మాత్రలు కొంటూ, పుట్టుకతో వచ్చిన బుద్ధి మానలేక బేరమాడబోతే, కౌంటరు దగ్గరి అమ్మాయి నవ్వి అట్టమీద ధర చూపించింది. మనవరాలికి కడుపు నిలిచిన కొత్తలోనే రక్తపరీక్షలో జబ్బు పట్టేశారట, మాత్ర వేసుకుని హాయిగా తిరుగుతోంది. మాత్రల అట్టను సంచిలో వేసుకుంటుంటే మాత్రం అక్క తొలికాన్పు గుర్తొచ్చింది.

మాది రాజోలు బజారులో కిరాణా కొట్టు. ఉగ్గుపాలతోనే బేరం పట్టించేవారు. అక్క తొలికాన్పుకు పుట్టింటికొచ్చినప్పుడు మెడ నిండుగా కనబడితే కడుపుతో వచ్చిన కళ అని మురిసిపోయాం. నల్లపూసలు బిగుతవుతున్నాయంటే కంసాలి చేత పొడుగు చేయించాం, కూలి తగ్గించింది నేనే. గుండెదడ, చేతుల వణుకు, ఎంత తిన్నా చిక్కిపోవడం, అన్నీ వేవిళ్ల ఖాతాలో రాసేశాం.

పురుడైన కొద్దిరోజులకే అక్క ఒళ్లు పెనంలా కాలింది. బాలింతకు చలి తగలకూడదని అమ్మ తలుపులు బిగించి, మంచం కింద కుంపటి పెట్టి, కంబళ్లు కప్పింది. అక్క కంబళి చించి, కుంపటి తన్నితే నిప్పులు గదంతా చెదిరాయి; పసిగుడ్డును తీసుకోబోయిన అమ్మ చెయ్యి నెత్తురొచ్చేలా కొరికింది. గాలి సోకిందన్నారు. నాన్నగారూ చిన్నాన్నగారూ కొట్లోని కొబ్బరితాడు తెచ్చి మంచానికి కట్టేస్తే, పెనుగులాడినకొద్దీ అది మణికట్టులోకి దిగిపోయింది. భూతవైద్యుడు వేపమండలతో వీపు చీరేశాడు.

నేను కొట్లోకి పరుగెత్తి నరసాపురంలో ఉన్న బావగారికి ఫోను చేసి, తిరిగొచ్చి నాకు వచ్చిన ఒక్క విద్య మొదలుపెట్టాను. భూతవైద్యుడు నల్లకోడి అడిగితే ఎర్రది చాలదా అన్నాను, గుమ్మడికాయ అడిగితే సొరకాయ ఇస్తానన్నాను, బేరం తెగేదాకా మండ ముట్టుకోవడానికి వీల్లేదన్నాను.

"పెద్దమ్మాయిగారికి పట్టినదాన్ని వదిలిస్తాను గానండీ, చిన్నమ్మాయిగారిని వదిలించుకోవడం నావల్ల కాదండీ," అని నాన్నగారితో మొరపెట్టుకున్నాడు.

ఈలోగా బావగారు పంటు మీద గోదావరి దాటి, సఖినేటిపల్లి రేవులో దిగి, కారు మాట్లాడుకుని వచ్చి అక్కను ఆస్పత్రికి చేర్చారు. డాక్టరమ్మగారు మెడ తడిమి చూశారు.

"దయ్యం కాదండీ, గొంతులో థైరాయిడ్ గ్రంథి రెచ్చిపోయింది. ఇంకాసేపు ఆ వేడిలో ఉంచితే గుండె ఆగిపోయేది. ముందా కట్లు విప్పండి."

అక్క బతికింది. ఆ తరవాత గాజులు కొన్నప్పుడల్లా బేరం నాది, తాడు మచ్చలు కప్పేటంత వెడల్పు ఉందో లేదో చూసుకోవడం అక్కది. ఇప్పుడు కాస్త రక్తం తీసి ముందే చెప్పేస్తున్నారు. ఆనాటి పసిగుడ్డు కూతురు ఒక్క సన్నగాజుతో ఎదురుగా తిరుగుతుంటే, మచ్చలేని మణికట్టు ఇంత అందంగా ఉంటుందా అని, చూపించడానికి అక్క ఇప్పుడు లేక, ఒక్కదాన్నే చూస్తుంటాను.