అన్నను తొట్టి దింపిన గురువారం

వైన్‌కు పేరుపడ్డ దోరు లోయ చరిత్రలో మరువరాని ఘట్టాలు మూడు: ద్రాక్ష తీగలన్నిటినీ పురుగు తినేసిన కాలం, నదికి ఆనకట్టలు పడిన కాలం, ద్రాక్ష తొక్కించబోయే ముందు అదెరీతు రెండుసార్లు దగ్గడం. మొదటి రెండింటి మీద పండితులు గ్రంథాలు రాశారు. మూడోదాన్ని ఎందుకో ఉపేక్షించారు. ఆ దగ్గు వంశపారంపర్యం. ముందు తండ్రి దగ్గాడు, తరవాత అన్న బెల్మీరు దగ్గాడు, అతని గొంతు పాడయ్యాక తొక్కించే పీఠం తమ్ముడు అదెరీతుకు దక్కింది.

దగ్గు వినపడగానే రాతి తొట్టిలో, తొడల దాకా ద్రాక్షలో, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని నిలబడ్డ వరస కదులుతుంది. అదెరీతు "ఒకటి... రెండు..." అంటుంటే అడుగు పడుతుంది. దీన్ని కోత అంటారు. కోతలో మాటల్లేవు, నవ్వుల్లేవు. పండంతా చితికిందని అరికాళ్ళకు తెలిశాకే "స్వేచ్ఛ" అని కేక వేస్తారు. అప్పుడు అకార్డియన్ మొదలవుతుంది, ఎవరికి తోచినట్టు వాళ్ళు గెంతవచ్చు.

గురువారాల్లో రేవుకు ఓడ వచ్చేది. అతిథులు పొద్దున చర్చి చూసి, మధ్యాహ్నం ఎండుచేప భోంచేసి, ప్యాంట్లు మడుచుకుని స్వేచ్ఛ వేళకు తొట్టిలో దిగేవారు. కోత వాళ్ళ కార్యక్రమంలో లేదు. మనుషులు మౌనంగా నడవడం చూడ్డానికి సముద్రాలు దాటి ఎవరొస్తారు?

ఒక గురువారం ఓడ ముందే వచ్చేసింది. కాస్త త్వరగా కానివ్వమని అతిథుల్ని వెంటబెట్టుకొచ్చే గైడమ్మ బతిమాలింది. ఆ ఏడే తోట యజమాని అదెరీతుకు అతిథుల ముందు కట్టుకోమని ఎర్ర నడికట్టు ఇచ్చాడు. నడికట్టు కట్టిన మనిషి ఒక ఆడమనిషిని ఎండలో నిలబెట్టలేడు. స్వేచ్ఛకు చెయ్యెత్తాడు.

"పండింకా కాళ్ళకి గట్టిగా తగుల్తోందిరా," అన్నాడు వరసలోంచి బెల్మీరు. "నాన్నుంటే ఇప్పుడే చెయ్యెత్తేవాడా?"

"నాన్న రోజుల్లో ఓడలు రాలేదు."

"ఓడొస్తే పండు తొందరగా చితుకుద్దేంట్రా?"

వరస కిసుక్కుమంది. భాష తెలియకపోయినా అతిథులూ నవ్వారు. అదెరీతు ఓర్చుకోలేకపోయింది ఆ రెండో నవ్వునే.

"కాళ్ళు కడుక్కో అన్నా," అన్నాడు.

అది తాగి తొట్టెక్కినవాణ్ణి బయటికి పంపేటప్పుడు చెప్పే మాట. ఒకప్పుడు వరస నడిపించినవాడికి ఆ మాట చెప్పడం ఆ లోయలో ఎవరూ ఎరగరు. బెల్మీరు పక్కవాళ్ళ భుజాల మీంచి చేతులు తీశాడు. తొట్టి దిగి, కాళ్ళు కడుక్కుని, బూట్ల తాళ్ళు శ్రద్ధగా కట్టుకుని కొండదారి పట్టాడు. అతిథులు అతని ఫొటోలు తీసుకున్నారు.

ఇల్లు చేరేలోపే అదెరీతుకు తప్పు చేశానని తెలిసింది. వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నాడు, కానీ తోటలో ద్రాక్షకోతలు ముగియాలి కదా. తరవాత ఆలివ్‌లు దులపాలి, ఆపైన తీగలు కత్తిరించాలి. పశ్చాత్తాపానికి తీరికైన నెల దోరు లోయలో లేదు. ఇలా కొన్నేళ్ళు గడిచాక, ఒక వేసవిలో పందితొడ ముక్కొకటి పట్టుకుని కొండెక్కాడు. బెల్మీరు పెరట్లో క్యాబేజీ ఆకులు కోస్తున్నాడు.

"ఈసారి వరసలోకి రా అన్నా. నువ్వు లేక అడుగు కుదరట్లేదు."

"వస్తా. ఓడొచ్చినా కోత పూర్తిగా నడిపిస్తావా?"

ఊ అంటే సరిపోయేది. గైడమ్మతో ఒక మాట అనుకుని చెబుతానన్నాడు అదెరీతు.

"అడిగిరా మరి," అన్నాడు బెల్మీరు ఆకుల మీంచి తల ఎత్తకుండానే. "ఇప్పుడు దగ్గేది ఆవిడే కదా."

అదెరీతు గైడమ్మను అడగలేదు. కాదంటుందేమోనని భయపడ్డాడు. సరేనంటే ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదని అన్న నిలదీస్తాడేమోనని ఇంకా భయపడ్డాడు. ఆ ఏడు వరస బెల్మీరు లేకుండానే నడిచింది. చలికాలంలో ఊపిరితిత్తుల జబ్బు చేసి బెల్మీరు పోయాడు.

మరుసటి ఏటి ద్రాక్షకోతల్లో మొదటి గురువారం ఓడ వచ్చింది. గైడమ్మ గడియారం చూపించింది. అదెరీతు నడికట్టు విప్పి గోడమీద పెట్టి కోత మొదలుపెట్టాడు, ఆపలేదు. అతిథులు కాసేపు నవ్వారు, కాసేపు పీపాల మీద కూర్చున్నారు, సగంమంది ఓడకు తిరిగి వెళ్ళిపోయారు. పండు పూర్తిగా మెత్తబడ్డాక "స్వేచ్ఛ" అని కేక వేసేసరికి అకార్డియన్ వాయించేవాడు భోజనానికి పోయాడు. మిగిలిన అతిథులు పాట లేకుండానే దిగి, నాలుగు గెంతులు గెంతి పోయారు.

వైన్ గది చూసుకునే లియొంతీన వచ్చి, ఈ తొట్టిని ఇంతసేపు ఎందుకు తొక్కించావని అడిగింది. మంచి వైన్ కావాలంటే ఇలాగే తొక్కాలని, అన్న ఎప్పుడూ ఇదే చెప్పేవాడని అన్నాడు అదెరీతు. ఆవిడ అతని వంక వింతగా చూసింది.

ఓడ అతిథులు దిగిన తొట్టిలో రసాన్ని వైన్ పీపాల్లో పోయరు. మొదటి ఓడ వచ్చిన ఏడు నుంచీ అది సారా బట్టీకే పోతోంది.