నులక సర్దుకునేదాకా

ఆ రోజుల్లో మా ఇండ్లలో కుర్చీ అనేది మగవాళ్ళ వస్తువు. పంచె, చుట్ట, వార్తాపత్రిక ఎట్లాగో కుర్చీ కూడా అట్లాగే. ఆడవాళ్ళం దాన్ని తుడిచేవాళ్ళం, ఎండలో వేసి నల్లులు దులిపేవాళ్ళం, ఇంటికి ఎవరైనా వస్తే మోసుకొచ్చి వేసేవాళ్ళం. కూర్చోవడం మాత్రం మా పని కాదు. మాకు పీటలున్నాయి, చాపలున్నాయి, ఏమీ లేకపోతే చల్లటి కడప బండల నేల ఉండనే ఉంది. ఇప్పుడు మా ఇంట్లో మనుషుల కంటే కుర్చీలు ఎక్కువ. ఒక్కోదాంట్లో ఉతికిన బట్టలు దర్జాగా కూర్చుని ఉంటాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు జమ్మలమడుగు ఇంటి దొడ్డి గుర్తొచ్చి ఒకేసారి నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. ఎందుకో చెప్పాలంటే ఊరగాయ జాడీ దగ్గర మొదలుపెట్టాలి.

కర్నూల్లో గుడారాలు వేసుకుని రాజధాని నడుపుతున్న కాలం అది. నేను పులివెందుల నుంచి జమ్మలమడుగుకు కోడలిగా వచ్చి ఏడాది కూడా కాలేదు. మా మామ బడిలో హెడ్మాస్టరు, మా ఆయన తాలూకాఫీసులో గుమాస్తా. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క పడక కుర్చీ, అది మామది. సాయంత్రం పూట ఆయన అందులో వాలి, కర్నూల్లో ఎవరి కుర్చీ కదులుతోందో వీధిలో వాళ్ళకు చెబుతుండేవాడు (ఆయన కుర్చీ మాత్రం అరుగు మీద నుంచి అంగుళం కదిలేది కాదు). బడికి ఎక్కడినుంచో నున్నటి కాగితాల ఇంగ్లీషు బొమ్మల పత్రికలు ఊరికే వచ్చేవి. పాతబడినవి మామ ఇంటికి తెస్తే, మా అత్త వాటిని చింపి వంటింటి అలమారలో జాడీల కింద పరిచేది. ఒకనాడు ఊరగాయ జాడీ తీసి అలమార తుడుస్తుంటే దాని కింద ఒక దొరసాని కనిపించింది. చుట్టూ నూనె మరక గుండ్రంగా ఉంది. ఆమె కూర్చున్న కుర్చీ కూడా గుండ్రమే. దానికి చేతులు లేవు, వీపు లేదు. పెద్ద జల్లెడను కొంచెం వెనక్కి వాల్చి మూడు సన్నటి కాళ్ళు తగిలించినట్టుంది. దొరసాని చెప్పులు కింద విడిచి, కాళ్ళు రెండూ పైకి ముడుచుకుని, పుస్తకం చదువుకుంటోంది. నన్ను పట్టుకున్నది ఆమె ముఖం. ఇప్పుడు ఎవరో పిలుస్తారు, లేవాలి అనే ఆలోచన ఆ ముఖంలో ఎక్కడా లేదు. నేనేమో పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ ఎక్కడ కూర్చున్నా సగం లేచే కూర్చునేదాన్ని.

ఆ నిమిషంలో నాకు పట్టుకుంది పిచ్చి. ఒక్కసారి అట్లా కూర్చోవాలి. నా గదిలో, తలుపేసుకుని, కాళ్ళు ముడుచుకుని, వారపత్రికలో సీరియలు ఒక్క వారానిది మొదటినుంచి చివరిదాకా చదవాలి. ఎవరూ పిలవకూడదు, పిలిచినా నేను లేవకూడదు. చీరా సారె ఏదీ అక్కర్లేదు, ఇదొక్కటి చాలు అనిపించింది. కాగితం కొంగులో దాచుకుని రాత్రి మా ఆయనకు చూపించాను. ఆయన మంచివాడు, భయస్తుడు (ఆ రెండూ ఒకటేనని నేను చాలా కాలం అనుకునేదాన్ని).

“దొరసాని శానా బాగుండాది,” అన్నాడు.

“నేను చూడమన్నది కుర్చీని.”

“మా నాయన చూస్తే ఏమంటాడో.”

“గదిలో తలుపేసుకుంటే మీ నాయనకు యాడ కనపడతాది?” అన్నాను. ఆయన కాగితం మడిచి నాకే ఇచ్చి దీపం తగ్గించాడు. కాదనకపోతే ఒప్పుకున్నట్టే మా సంసారంలో.

కుర్చీకి గుండ్రటి చట్రం కావాలి. ఆ ఏడే మా పులివెందుల అన్న పాత బండి తీసేసి రబ్బరు టైర్ల బండి చేయించుకున్నాడు. పాత చక్రాల చుట్టూ ఉండే ఇనప పట్టాలు దొడ్లో పడి తుప్పు పడుతుండటం నేను పుట్టింటికి పోయినప్పుడు చూశాను. కబురు పెడితే, మేము ఒక పెండ్లికి ప్రొద్దుటూరు పోయిన రోజే మా అన్న పత్తి వేసుకుని అక్కడికి వస్తూ ఒక పట్టా బండి మీద పడేసుకొచ్చాడు. “పుట్టింటి నుంచి కోకలడుగుతారు, సొమ్ములడుగుతారు. నువ్వేందే, బండి పట్టా అడుగుతావు. ఎద్దుల్ని మాత్రం అడగొద్దు తల్లీ,” అని మా ఆయన వైపు జాలిగా చూసి పోయాడు.

ప్రొద్దుటూరులో పెండ్లిళ్ళకు ఇనప ట్రంకుపెట్టెలు చేసే సాయిబు ఒకాయన ఉండేవాడు. మా ఆయనా ఆయనా ఒకే బెంచీ మీద చదువుకున్నారు, మామా అంటే మామా అనుకునేవాళ్ళు. ఆ పూటే మేమిద్దరం పట్టా తీసుకుని ఆయన అంగడికి పోయి కాగితం చేతిలో పెట్టాం. ఆయన దాన్ని నిలువుగా చూశాడు, తలకిందులుగా చూశాడు. 

“బాగుండాది గానీ, తాళం యాడ పెట్టాల?”

“పెట్టె కాదన్నా, కుర్చీ ఇది.”

“కుర్చీనా? ఎనక్కి వాలితే పడిపోరా అమ్మా?”

“దొరసాని పడలేదు గదా.”

“పడినాంక ఫొటో తీయరు గదమ్మా,” అన్నాడు. అయినా పని ఒప్పుకున్నాడు. కొన్నాళ్ళకు మా ఆయన పోయి తెచ్చేటప్పటికి అది చక్కగా మూడు కాళ్ళ మీద నిలబడి ఉందట. కాకపోతే పాపం ఆయనకు చెయ్యి తిరిగింది పెట్టెల మీద. పట్టా అంతటికీ ఆకుపచ్చ రంగు వేసి, మధ్య మధ్య గులాబీ పూలు దించి, మోసుకుపోను వీలుగా రెండు పక్కలా పెట్టె పిడులు బిగించాడు. బస్సు మీద వేసుకుని వస్తుంటే దారి పొడవునా ఆ పిడులు గలగలమని మోగాయని మా ఆయన గోల. ప్రొద్దుటూరు బస్టాండులో ఒక పెద్దాయన దాని చుట్టూ తిరిగి చూసి, బ్లాకాఫీసోళ్ళు ఇస్తాండే కొత్త రకం కోళ్ళ గంప ఇదేనా అప్పా అని అడిగాడట. ఈయన అవునని చెప్పి బస్సెక్కాడు.

అసలు కథ మా వాకిట్లో జరిగింది. అది తలుపులో పట్టలేదు. మా ఆయనా, బస్టాండు నుంచి మోసుకొచ్చిన కూలీ కలిసి నిలువుగా తిప్పారు, అడ్డంగా తిప్పారు, కాళ్ళు ముందు పెట్టి చూశారు. మా ఆయనకు చెమటలు పోసి, “తలుపు ఊడదీస్తే పడతాదేమో,” అన్నాడు. అరుగు మీద పడక కుర్చీలోంచి మామ పత్రిక దించాడు. “ఇల్లు ఊడదీస్తే ఇంకా సులువు గదరా. ఏంది అది?” అన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. తలుపేసుకుని కూర్చోవాలనుకున్న కుర్చీ వీధి వీధంతా చూస్తుండగా గడప బయట నిలబడి ఉంది. భూమి చీలితే దాంట్లోకి దిగిపోదును. అప్పుడు లోపలినుంచి మా అత్త వచ్చింది. అంతవరకు ఆమె నాతో పని మాటలు తప్ప మాట్లాడింది తక్కువ. అత్త ఆ వస్తువును పైనించి కిందికి చూసి, “వొడియాలు ఎండబెట్టేది. నేనే తెమ్మన్యా. దొడ్లోకి తోలండి,” అంది. మామ పత్రిక మళ్ళీ ఎత్తుకున్నాడు. బండ్లు పోయే వెనక వాకిలి గుండా కుర్చీ దొడ్లోకి పోయి వేపచెట్టు నీడలో నిలబడింది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ పోయాక అత్త నన్ను పిలిచి, “పాపా, నిజం చెప్పు, ఇది ఏంది?” అని అడిగింది. కాగితం తీసి చూపించాను. ఆ కాగితాన్ని జాడీ కింద పరిచింది ఆమే, కానీ అంతవరకు దాన్ని చూడలేదు. చాలాసేపు చూసింది. 

“ఈమెకు అత్త ల్యా?” 

“ఏమో అత్తా.”

“ఉండాదనుకో, అంట్లు ఎవురు తోముతాండారు మరి?” 

ఆమె కాగితం మడిచి నాకిచ్చి, అటక మీదనుంచి మంచాలకు అల్లే నులక చుట్ట దించింది. ఉత్త చట్రాన్ని చూస్తూ ఊరుకోవడం ఆమెకు చేతకాదు. మోకాలు ఆనించి, నులక లాగి లాగి, నడుమ కొంచెం లోతు వచ్చేటట్టు అల్లింది. అల్లిక అయిపోయిన పూట నేను తల దువ్వుకుని, చేతిలో వారపత్రిక పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను. “ఆగు. కొత్త నులక. సర్దుకునేదాకా నువ్వు కూచ్చుంటే నడుం పట్టుకుంటాది. నేను చూస్తా,” అని మా అత్త కొంగు బిగించి కూర్చుంది.

కూర్చోగానే లోపలికి దిగిపోయింది. కాళ్ళు నేలనుంచి లేచాయి. ముందు భయపడి రెండు పిడులూ పట్టుకుంది (సాయిబు పిడులు ఎందుకు పెట్టాడో అప్పుడు తెలిసింది). తర్వాత ఒక్కొక్కటిగా వదిలేసింది. కాళ్ళు ముడుచుకుంది. వేపాకు సందులోంచి ఎండ ఆమె ముఖం మీద ఆడుతోంది. నేను నిలబడే ఉన్నాను. చాలాసేపటికి, “ఇంకా సర్దుకోలా,” అంది.

మర్నాడూ సర్దుకోలేదు, ఆ వారమంతా సర్దుకోలేదు. అంట్లు తోమి, వంటిల్లు కడిగి, ఆమె పోయి నులక చూసేది. నాకు ఒళ్ళు మండిపోయేది. కలగన్నది నేను, మా అన్నతో మాటలు పడింది నేను, కుర్చీలో అత్త. ఏడుపు మింగుకుని మూతి ముడుచుకుని కుర్చీ పక్కనే బండ మీద కూలబడి వారపత్రిక తెరిస్తే, పైనించి, “ఏముంది దాంట్లో, గట్టిగా చదువు,” అంది. చదివాను. అట్లా మొదలైంది. రోజూ మధ్యాహ్నం ఆమె పైన, నేను కింద. సీరియల్లో కోడలు పిల్ల నోరెత్తకుండా పడుతుంటే, “ఈ పిల్లకు నోరు ల్యా? ఒక్క మాట అనొచ్చు గదా,” అని మండిపడేది. మళ్ళీ నా తల వైపు చూసి, “నువ్వు నేర్చుకోవాకులే,” అనేది. ఒకరోజు చదువుతుంటే మధ్యలో ఆపి, “కుర్చీలో కూచ్చుంటే ఇట్లుంటాదా పాపా? మీ మామ ఊరికే లేవకుండా ఉండాడా మరి,” అంది. అప్పటికి ఆమె ఆ ఇంటికి వచ్చి ముప్పై ఏండ్లు దాటింది. నా కోపం ఆ పూట ఎటు పోయిందో నాకే తెలియదు.

ఇట్లా ఉండగా ఒకనాడు మామ బడినుంచి పెందలాడే వచ్చి, ఇంట్లో ఎవరూ కనపడక నేరుగా దొడ్లోకి వచ్చాడు. భర్త వస్తే లేచి నిలబడటం అత్తకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. లేవబోయింది. ఆ కుర్చీ లేవనివ్వదు. ముందుకు వంగితే వెనక్కి లాక్కుంటుంది. కాళ్ళు గాలిలో ఆడాయి, పిడులు గలగలమన్నాయి, నేను ఒక చెయ్యి పట్టుకుని లాగాను, ఇంకా లోపలికి పోయింది. మామ నోరు తెరిచి చూస్తున్నాడు. 

“ఏం చేస్తాండావు?” 

“నులక చూస్తాండా.” 

“వొడియాలు యాడ?” 

అత్త జారిన కొంగు సర్దుకుంది. మామ చెట్టు చుట్టూ ఒకసారి చూసి, “మంచినీళ్ళు,” అన్నాడు.

“పాప ఇస్తాది. నేను దిగలేకపోతాండా,” అంది అత్త, ఈసారి కాళ్ళు ఆడించడం మానేసి. నేను నీళ్ళిచ్చాను. ఆయన తాగి చెంబు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. నేను చెంబు పట్టుకుని ఇంకా అట్లాగే నిలబడి ఉంటే అత్త, “చదువు, ఆ పిల్ల ఏమైంది?” అంది. ఆ తర్వాత మామ ఎప్పుడు దొడ్డివైపు రావలసి వచ్చినా గడప అవతల నిలబడి దగ్గేవాడు. “నులక సర్దుకునిందా?” అని అక్కడినుంచే అడిగేవాడు. ఆమె ఇంకా లేదనేది. ఆయన చెంబు తనే ముంచుకునేవాడు.

కొంతకాలానికి మా ఆయనకు రాజంపేట బదిలీ అయింది. సామాన్లు బండికెక్కించి, బస్సుకు ఇంకాస్త సమయం ఉందనగా అత్త నన్ను దొడ్లోకి పిలిచింది. “నులక సర్దుకునింది పాపా. కూచ్చో,” అంది. కూర్చున్నాను. కాళ్ళు ముడుచుకున్నాను. నడుమ ఆమె మనిషంత గుంట పడి ఉంది, నేను దాంట్లో ఒదిగిపోయాను. అత్త వచ్చి కింద బండ మీద, నా చోట్లో కూర్చుంది. “నీకు చదువుదామంటే నాకు అచ్చరాలు రావు గదా,” అంది. నా కండ్లకు ఏమీ కనపడలేదు. ఇంతలో వాకిట్లోంచి మా ఆయన కేక వేశాడు. అలవాటుగా లేవబోతే అత్త నా మోకాలు పట్టుకుంది. “పిలవనీ. నువ్వు కూచ్చో,” అని, అటు తిరిగి, “పాప దిగలేకపోతాంది, బస్సును నిలబెట్టుకోపో,” అని అరిచింది. నిజంగానే ఆయన పోయి బస్సును నిలబెట్టాడు.

ఆ తర్వాత నేను జమ్మలమడుగుకు పండగలకూ పబ్బాలకూ పోవడమే. కొన్నేండ్లకు ప్రొద్దుటూరంతా ప్లాస్టిక్ వైరు అల్లిన ఇనప కుర్చీలు వచ్చాయి, కొత్త ఫ్యాషన్ అన్నారు. అత్త చూసి, “మనది చూసి చేసినారు,” అంది. అందులో ఆమెకు ఏ అనుమానమూ లేదు. ఆమె పోయాక దొడ్డి పోయింది, ఆకుపచ్చ పట్టా ఎవరి పాలైందో తెలియదు. ఇప్పుడు నాకు ఎన్ని కుర్చీలైనా ఉన్నాయి. మోకాళ్ళ డాక్టరయితే కుర్చీలో తప్ప కూర్చోవద్దు, నేల మీద అసలే వద్దు అని కచ్చితంగా చెప్పాడు. ఆ వయసులో ఎవరైనా నాకు ఈ మాట చెప్పి ఉంటే వాళ్ళ కాళ్ళకు మొక్కి ఉండేదాన్ని. ఇప్పుడేమో నా మనసు కుర్చీ మీద లేదు. దాని పక్కన ఆ చల్లటి బండ మీద ఒక్క మధ్యాహ్నం కూర్చుని, పైనున్న మనిషికి గట్టిగా చదివి వినిపించాలని ఉంది.

మొన్న మా అమ్మాయి ప్రొద్దుటూరులో కొత్తగా తెరిచిన ఫర్నిచర్ అంగడికి పిలుచుకుపోయింది. అద్దాల వెనక, దీపాల కింద, అదే కుర్చీ. గుండ్రటి ఇనప చట్రం, తాడు అల్లిక, మూడు కాళ్ళు. అమ్మే అబ్బాయి ఇది ఫారిన్ మాడలమ్మా అన్నాడు. “కాదప్పా, పులివెందుల మాడలు,” అన్నాను. అతనికి అర్థం కాలేదు, కూర్చుని చూడమన్నాడు. కూర్చున్నాను. కాళ్ళు ముడుచుకోలేకపోయాను గానీ లోపలికి మాత్రం బాగానే దిగాను. పక్కన నున్నటి టైల్సు నేల ఖాళీగా ఉంది. చాలాసేపు దాని వైపే చూస్తూ ఉండిపోయాను. మా అమ్మాయి దూరంనుంచి, “అమ్మా, లే, పోదాం,” అని పిలిచింది.

“ఉండు పాపా,” అన్నాను. “నులక ఇంకా సర్దుకోలా.”

ఆ అబ్బాయి వంగి, “ఇది నులక కాదమ్మా, ప్లాస్టిక్. ఇది సర్దుకోదు,” అన్నాడు.

“అయితే శానా సేపు పడతాదిలే అప్పా,” అన్నాను, లేవకుండానే.