చొక్కా వదిలిన పురుగు

ఆదివారం పొద్దున పటమట నుంచి నాన్న ఫోన్ చేసి, పక్కింటి నానీమా పోయిందని చెప్పారు. టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. ఎనభై దాటినా ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్లిపోయింది. బాధగానే ఉంది. కానీ ఆవిడను తలుచుకోగానే ఏడుపు కంటే ముందు నాకు నవ్వొచ్చింది. ఎందుకో మీకు చెప్పాలి.

వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ. వాళ్ల మనవలు పిలిచినట్టే వీధిలో అందరం ఆవిడను నానీమా అనేవాళ్లం. తొంభైల్లో మా వీధిలో సగం మంది ఒంటి మీద ఏదో ఒక కంపెనీ పేరు ఉండేది. అన్నీ సిమెంటు వాళ్లో, విత్తనాల వాళ్లో ఊరికే పంచిన చొక్కాలే. వాటి మీద అచ్చు పోగొట్టడంలో నానీమాది అందె వేసిన చెయ్యి. ఎవరు నేర్పారని అడిగితే "ఇస్త్రీపెట్టె" అనేది.

నాన్న పురుగుమందుల దుకాణంలో గుమాస్తా. కంపెనీ వాళ్లు ఇచ్చిన తెల్ల టీషర్టు ఒకటి నాకు తెచ్చారు. వీపు నిండా ఆకుపచ్చ పురుగు, దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు. ఆయనకు అదంటే ఎంతో గొప్ప. బళ్లో మాత్రం నా పేరు పురుగైపోయింది. నేను ఎనిమిదిలో ఉండగా గన్నవరంలో పరుగు పందేలకు ఎంపికయ్యాను. తెల్ల చొక్కా వేసుకు రమ్మన్నారు. నాకున్నది అదొక్కటే. ఆ పురుగును మోస్తూ అంతమంది ముందు పరిగెత్తే కంటే మానేయడమే నయమనిపించింది.

నాన్నకు తెలియకుండా కిరసనాయిలు పోసి రుద్దాను. పురుగు చెక్కు చెదరలేదు, చొక్కా మాత్రం స్టవ్ కంపు కొట్టింది. ఏడుస్తూ గోడ దగ్గర నిలబడితే నానీమా చూసింది.

"రుద్దితే పోయే రకం కాదు అమ్మాయ్, అది రబ్బరు. ముందు సబ్బేసి ఉతుకు. బాగా ఆరాక పట్రా."

మర్నాడు పుస్తకాలకు అట్టలేసే ఖాకీ కాగితం పురుగు మీద పరిచి, పైన ఇస్త్రీపెట్టె అదిమి పట్టింది. అంతకు ముందే లోపలి అంచున కాస్త వేడి తగిలించి చూసుకుంది. ఏ బట్టకైనా అంతే. కొత్త మనుషులతోనూ అంతే, ముందు అంచున కాస్త మాట్లాడి చూసేది. తర్వాత కాగితాన్ని ఒక మూల పట్టుకుని మెల్లగా ఎత్తింది.

"వేడి మీదే లాగాలి. కానీ కోపంగా లాగకూడదు."

పురుగు దాదాపు మొత్తంగా కాగితం మీదకు వచ్చేసింది. మిగిలిన పొలుసుల్ని దూదితో, కోడలి నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచేసింది.

గన్నవరంలో మూడో స్థానం వచ్చింది నాకు. పరుగు అయ్యాక చూస్తే, నాన్న దుకాణానికి సెలవు పెట్టి వచ్చి తాడు అవతల నిలబడి ఉన్నారు. పిల్లలందరి వీపులూ వెతుకుతున్నారు. నా మీద నుంచి ఆయన చూపు రెండుసార్లు జారిపోయింది. ఆ చూపు నేను ఇవాళ్టికీ మరిచిపోలేదు. ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ వైపే తిరిగి కూర్చున్నారు.

సాయంత్రం నా నోట సంగతి విని, నానీమాయే గోడ దగ్గరకు ఆయన్ను పిలిచింది.

"తీసింది నేను బాబూ. కోప్పడితే నా మీద కోప్పడు."

"కోపం కాదండీ. నా కూతురు ఎవరో నాకే తెలియలేదు. పురుగుంటుంది కదా, దూరం నుంచే గుర్తుపట్టొచ్చు అనుకుని వెళ్లాను."

నానీమా గోడ మీద చేతులు ఆనించింది. "పిల్లను పరుగు చూసి గుర్తుపట్టాలి గానీ, చొక్కా చూసి కాదు కదా బాబూ."

నాన్న నవ్వేశారు. ఆ తర్వాత ఏ పందెమైనా ముందుగానే వచ్చి, పరుగు మొదలయ్యే చోటే నిలబడేవారు. కంపెనీ చొక్కాలు వస్తే తనే గోడ మీదుగా నానీమాకు అందించేవారు.

మూడో రోజున, ఇప్పుడు నేనుంటున్న ఇబ్రహీంపట్నం నుంచి వచ్చి, నాన్నతో కలిసి వాళ్లింటికి పలకరింపుకు వెళ్లాను. కోడలు బీరువా తెరిచి చూపించింది. "ఒక్క కాగితం పారేయనిచ్చేది కాదు. అన్నీ అరల్లో పరుచుకునేది." చీరలు ఎత్తితే కింద ఖాకీ కాగితాల మీద మా వీధి చొక్కాల అచ్చులన్నీ తిరగబడిన అక్షరాలతో ఉన్నాయి. పై అరలో, ఎర్రటి ఇంటూ గుర్తు వేసుకుని, మా పురుగు. చొక్కా మీద ఎడమకు పాకేది, ఇక్కడ కుడికి పాకుతోంది.

నాన్న కళ్లజోడు కోసం జేబు తడుముకోబోయి, మానేశారు. "ఇది మాత్రం దూరం నుంచే గుర్తుపట్టాను" అన్నారు.

కావాలంటే తీసుకెళ్లమంది కోడలు. వద్దన్నాం. ఆవిడ చీరల్ని మళ్లీ దాని మీదే సర్దింది. బీరువా తలుపు వేసేదాకా, అంచున పురుగు తోక కొంచెం కనిపిస్తూనే ఉంది.