నూనె మిల్లు బేరింగులు

పోయిన వారం మా మనవరాలు తన స్కేట్‌బోర్డును తెచ్చి నా ఒడిలో బోర్లా పెట్టి చక్రాలు చూపిస్తూ, "ఇయి బిగుసుకపోతాండాయి తాతా, కొత్తయి తెద్దాం పా" అంటే, మోకాళ్లు వద్దంటున్నా లేచి నంద్యాల బజారులోని బేరింగుల అంగడికి వెళ్లాను. అంగడాయన చిన్న డబ్బాలు నాలుగు ముందర పెట్టి, పిల్లలాటకైతే ఏవైనా ఒకటేలే పెద్దాయనా అన్నాడు. ఒకటి కావని నాకు తెలుసు. ఒక్కో దాన్ని వేలికి తొడిగి తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాను. మనవరాలు నవ్వింది కానీ, నా ఈడువాళ్లయితే నవ్వరు.

మన చిన్నతనంలో పలకకింద మూడు పాత బేరింగులు బిగిస్తే అదే బండి. ఆళ్లగడ్డలో మా నూనె మిల్లు గేటు నుంచి పెద్ద రోడ్డు దాకా నాపరాళ్లు పరిచిన వాలు ఉండేది. వేరుశనగ బస్తాల బండ్లు దిగబడకూడదని నాయన తండ్రి, మా జేజినాయన పరిపించినది. లారీలు బాగుచేసే షెడ్ల వాళ్ల పిల్లలు సాయంత్రాలు తమ బండ్లతో అక్కడికే వచ్చేవాళ్లు. అరిగి వదులైన బేరింగులు ఆ రాళ్లమీద గణగణ మోగుతూ ఒక్క ఊపున రోడ్డు దాకా పోయేవి. అట్లాంటి బండి కావాలని, ఆ రోడ్డును ఒక్కసారైనా అందుకోవాలని నాకు రాత్రులు నిద్రపట్టేది కాదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఒకరు వాడి వదిలిన వస్తువు మా గడప దాటి లోపలికి రాకూడదు. మిల్లు సామాను మిల్లులోనే ఉండాలి, అందులోంచి మేకు కూడా ఇంటికి తేకూడదు. షెడ్ల వాళ్లు పారేసిన ఇనుము కోసం మన పిల్లోడు చెయ్యి చాపేదేందని నాయన నన్ను కారెక్కించుకుని నంద్యాలకు తీసుకుపోయి, ఉండేవాటిలో మంచివని నూనె కాగితం కూడా విప్పని కొత్త బేరింగులు కొనిచ్చాడు. వడ్రంగితో టేకు పలక చేయించాడు. ఊళ్లో అంత అందమైన బండి మరొకటి లేదు. తీరా వాలుమీద వదిలితే, లోపల దట్టంగా కూరిన గ్రీజుతో, అరగని గుండ్ల బిగువుతో అది సగం దూరం కూడా పోకుండా నిలబడిపోయింది. షెడ్ల పిల్లల్లో పెద్దవాడు తన బండి దిగకుండానే, "ఏందప్పా, మీ బండి గూడా మీ ఇంటోళ్ల మాదిరే ఉంది, ఎనక తోసేటోళ్లుంటేనే కదుల్తాది" అన్నాడు. ఆ మాట నాయనకు చెప్పలేదు. బండిని గాదెకింద పెట్టేశాను.

తర్వాత వానలు ముఖం చాటేసిన ఏళ్లు వచ్చాయి, మిల్లుకు వేరుశనగ కాయ రావడం తగ్గింది, ఒక ఎండాకాలం మిల్లు ఆగింది, మళ్లీ తిరగలేదు. యంత్రాలను పాత ఇనుము కింద కొన్నవాళ్లు వచ్చి ఊడదీస్తున్నంతసేపూ నాయన ఇస్త్రీ చొక్కాతో గేటు దగ్గర నిలబడే ఉన్నాడు. ఎవరో కుర్చీ వేస్తే కూర్చోలేదు. సాయంత్రం తుండుగుడ్డలో ఏదో మూటకట్టుకుని ఇంటికి వచ్చి, గిన్నెలో కిరసనాయిలు పోయించి, తెల్లటి చేతులు తడుస్తున్నా లెక్కచేయక మిల్లు యంత్రాల పాత బేరింగులు మూడింటిని తానే కడిగాడు. గాదెకింది బండిని అడిగి తెప్పించుకుని కొత్తవి ఊడదీసి వాటిని బిగించి, "ఇవి మనయేరా, ఎవురివీ గావు. ఇంగ తిరుగుతాయి, పో" అన్నాడు.

తిరిగాయి. ఆ నాపరాళ్లమీద అంతవరకు ఏ బండీ అంత గట్టిగా మోగలేదు. రోడ్డు అంచు దాకా వెళ్లి వెనక్కి చూస్తే, నాయన గేటు దగ్గర నిటారుగా నిలబడి ఉన్నాడు, కానీ నా వైపు చూడటం లేదు, కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటున్నాడు. నేను ఎన్నాళ్లుగానో కోరుకున్న రోడ్డు కాళ్ల ముందే ఉంది. నాకు మాత్రం దానిమీదికి దిగబుద్ధి కాలేదు.

మొన్న మనవరాలి కోసం అంగట్లోంచి తెచ్చినవాటి మూతలు సూదితో విప్పి, గ్రీజు పోయేలా కిరసనాయిల్లో కడిగి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసి బిగించాను. నడుము పట్టేసింది. సాయంత్రం మేము అద్దెకుండే వీధిలో సిమెంటు రోడ్డుమీద మనవరాలు బోర్డెక్కి, ఎట్లా తిరుగుతాండాయో చూడు తాతా అంటూ జారిపోయింది. బాగా తిరిగాయి, చప్పుడే లేదు. ఆ చప్పుడుంటే గేటు దగ్గర నిలబడ్డవాడికి బండి ఎంతదూరం పోయిందో కళ్లు మూసుకున్నా తెలిసేది. ఇప్పుడు చూస్తే తప్ప తెలియదు. అంతదూరం నా కళ్లు ఆనడం లేదు.