కొండకుంకుమకు పోసిన నీళ్ళు

సోతిరాకు పూలంటే పెద్ద పిచ్చేమీ లేదు. పెరట్లో ఉల్లి, వెల్లుల్లి, చిక్కుడు తప్ప ఇంకోటి పెంచిన మనిషి కాదు. కొండకుంకుమ ఒక్కదాని దగ్గర మాత్రం ఆవిడ మొండితనం ముందు మా మలోవిష్టా ఊళ్ళో ఎవరి మాటా సాగలేదు.

ఆ పువ్వు పెలిస్టెర్ కొండమీద, జూన్‌లో మంచు కరిగే అంచున, బురదలోంచి ముదురు ఊదారంగులో లేస్తుంది. ఈ చుట్టుపక్కల నాలుగైదు కొండలు దాటితే మరెక్కడా లేదంటారు. వంటలో వేసుకునే కుంకుమపువ్వుకి దూరపు చుట్టమే గానీ, ఇది కూరకీ పనికిరాదు, మందుకీ పనికిరాదు. గొర్రెలు కాసే ఆవిడ మొగుడు స్టెర్యోకి మాత్రం అదంటే ప్రాణం. మోకాళ్ళు పట్టేసి భార్య పైకి రాలేకపోయిన ఏడాది, ఓ గడ్డిపెళ్ళను దుంపలతో సహా పెకలించి, కంబళిలో చుట్టి దించుకొచ్చాడు.

"నువ్వు కొండెక్కలేవుగా. అందుకని కొండనే లాక్కొచ్చా," అన్నాడు.

"కొండ తెచ్చావు సరే, జున్నేదీ?" అంది సోతిరా.

పెరట్లో ఊటనీళ్ళు కారే చెక్కగొట్టం కింద నాటాడు. ఆకులు వాడగానే ఆవిడ అలవాటు కొద్దీ సగం దుంపలు తవ్వి, ఉల్లిపాయలతోపాటు అటకమీద ఆరబెట్టింది. మా వైపు దుంప ఏదైనా వేసవిలో ఆరబెట్టాల్సిందే. చలికాలానికి పొట్టు మిగిలింది. స్టెర్యో తిట్టలేదు. మిగతావాటి జోలికి పోవద్దన్నాడు, అంతే. ఎందుకో చెప్పలేదు. మహానుభావుడికి మాటలు తక్కువ.

మరో రెండేళ్ళకు, సరిగ్గా పూలవేళకే, గుండె ఆగి పోయాడు. సోతిరా గొట్టం కిందనుంచి ఓ పెళ్ళ తీసి అతని సమాధిమీద నాటింది.

మా వాళ్ళలో సమాధికి నలభై రోజులు ఇంటినుంచి నీళ్ళు మోసి పోస్తారు. నలభయ్యోనాడు ఉడికించిన గోధుమలు పంచి, కుండ బోర్లించి వచ్చేస్తారు. ఆ తర్వాత చుక్క పోయకూడదు. పోస్తే, పోయినవాళ్ళు వెళ్ళాల్సినచోటికి వెళ్ళక సగం దారిలో ఆగిపోతారని భయం. సోతిరా ఆచారం తప్పలేదు.

మరుసటి జూన్‌లో గొట్టం కింద విరగబూసింది. సమాధిమీద సన్నటి ఆకు ఒక్కటే మిగిలింది. వేలు పెట్టి చూస్తే మట్టి బూడిదలా ఉంది. ఆవిడకి అప్పుడు వెలిగింది. గొట్టం వేసవంతా కారుతూనే ఉంటుంది. పూసినన్నాళ్ళే కాదు, ఆకు కూడా కనబడని ఎండల్లోనూ ఆ దుంపకి తడి కావాలి. కొండమీద మంచునీళ్ళు ఆ పని చూసుకుంటాయి. రాళ్ళగుట్టమీది సమాధికి ఎవరున్నారు?

ఆ సాయంత్రమే కుండ నింపుకుని బయల్దేరింది. చర్చి మలుపులో స్టెర్యో అక్క దెస్పా ఎదురైంది.

"ఏమే, ఎవరికే ఆ నీళ్ళు?"

"పువ్వుకి వదినా."

"పువ్వుకా, మొగుడికా? నా చెవిలో పూలు పెట్టకు. అంత ముచ్చటుంటే దాన్ని పెకలించి ఇంటికి తెచ్చుకో. ఇట్లా పోస్తుంటే మా తమ్ముడు అక్కడే ఆగిపోతాడే! వాణ్ణి పోనీ."

సోతిరా కుండ చంక మార్చుకుని నడిచింది. ఆ మాటకి ఆవిడ భయపడాలి. భయం వెయ్యలేదు, ఆశ పుట్టింది. ఆగితే ఆగనీ అనుకుంది. ఇంట్లో పలకరించే గొంతు లేక గోడలు మీదపడుతుంటే, ఆచారం ఎవడిక్కావాలి?

మంచు పడేదాకా మోసింది. మోకాళ్ళు బూరెల్లా వాచాయి. దెస్పా మాటలు మానేసింది, ఆవిణ్ణి చూసి ఊరూ మానేసింది. చలికాలమంతా సోతిరా చిక్కుడు పులుసు రెండు గిన్నెల్లో పోసి, రెండోది చల్లారాక తనే తాగేది. వాకిట్లో చప్పుడైతే లేచి గడియ తీసేది. కప్పుమీది మంచు జారి పడి ఉండేది.

మంచు కరిగాక మళ్ళీ కుండెత్తింది. జూన్‌లో ఒకనాటి పొద్దున సమాధిమీద పువ్వు విచ్చుకుంది, ఒక్కటే, ముదురు ఊదారంగుది.

"స్టెర్యో, చూడు!" అంది గట్టిగా, పక్కకి తిరిగి.

పక్కన ఎవరూ లేరు. ఎండెక్కేదాకా అక్కడే నిలబడింది. పువ్వు పూసినరోజున చూపించడానికి ఒక్క మనిషి లేకపోవడం ఎంత ఘోరమో ఆవిడకి ఆ రోజే తెలిసింది.

తిరిగొస్తూ దెస్పా ఇంటిముందు ఆగింది. దెస్పా అరుగుమీద చిక్కుడుగింజలు ఏరుతోంది. తలెత్తలేదు.

"పూసిందా?" అంది, ఏడాది తర్వాత మొదటిసారి.

"పూసింది. నువ్వు అబద్ధం చెప్పావు వదినా."

"నేనేం చెప్పానే?"

"నీళ్ళు పోస్తే ఆగిపోతాడన్నావు. పోశానుగా, ఇన్నాళ్ళూ పోశాను," అంది సోతిరా. "ఆగలేదు."