సర్కారు రోడ్డు మీద మా వియ్యంకుడి భోజనం

నా అక్షరాలు కోడి గీకినట్టుంటాయి. తప్పులు కూడా పోతాయి. ఊరి పంతులు దగ్గర మూడేళ్లు కూర్చున్న చదువే నాది. కాస్త ఓపిక చేసుకుని సరిచేసుకుంటూ చదవండి.

మా వియ్యంకుడు పోయిన నెల మిర్యాలగూడలో తన కొడుకు ఇంట్లో కన్నుమూశాడు. పొద్దున మొదటి బస్సు కండక్టరు కబురు తెచ్చాడు. అప్పుడే మా భోజనం హోటల్లో ఎసరు పెట్టాం. కోడలికి, అంటే ఆయన బిడ్డకు, ఎట్లా చెప్పాలో తెలియలేదు. పొయ్యిలో కట్టెలు వెనక్కి గుంజాను. అది చూసే ఆమెకు అర్థమైపోయింది.

ఆయనది వేములపల్లి. బండ్ల మేస్త్రీ. పది పన్నెండు ఎడ్లబండ్లకు ముందుండి నడిచేవాడు. మిర్యాలగూడ మిల్లులకు వడ్లు, అక్కడి నుంచి సూర్యాపేటకు, కోదాడకు బియ్యం. నెలలో ఇరవై రోజులు దారిలోనే తిండి. అందుకని ఈ మూడు ఊళ్లలో ఎక్కడ ఏం తినాలో, ఎక్కడ ఏం తాగాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆయన ఎడ్లను ఎక్కడ విడిస్తే మిగతా బండ్లన్నీ అక్కడే విడిచేవాళ్లు.

పిల్లల పెళ్లి ఖాయమైన కొత్తలో బట్టలు కొనడానికి ఇద్దరం కోదాడ పోయాం. సూర్యాపేట బస్టాండు దగ్గర చాయ్ తాగుదామని ఆగాం. ఆయన గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు.

"పాలు దీనికి మొకం సూపెట్టి పోయినయ్ బావా."

హోటలాయన విననే విన్నాడు. "మొన్న పాలెక్కువైనయన్నవ్, ఇయ్యాల తక్కువంటవ్. నీకోసం గీడ బర్రెను కట్టెయ్యాల్నా మేస్త్రీ?"

"కట్టెయ్. అదన్న నిజం సెప్తది."

కోదాడలో ఆయన తినేది ఒక్కచోటే. కృష్ణ అవతల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఇంటి అరుగు మీద భోజనం పెట్టేది. మేము కాళ్లు కడుక్కుంటుంటేనే, "అన్నగారూ, ఇవాళ పులుసు సరిగ్గా కుదర్లేదండీ, ముందే చెప్పేస్తున్నా," అంది. ఆయన విస్తరి ముందు హాయిగా కూర్చున్నాడు. నాతో మెల్లగా, "తప్పు ముందుగాల సెప్పేటోళ్ల కాడ కడుపు నిండ తినొచ్చు," అన్నాడు. పులుసు బాగానే ఉంది.

కొత్త హోటలు కనిపిస్తే ముందు వెనకవైపు పోయి అక్కడి కుక్కను చూసి వచ్చేవాడు. కుక్క బలిసి ఉంటే ఎడ్లను ముందుకు తోలేవాడు. విస్తళ్లలో అన్నం మిగులుతున్నట్టే కదా అనేవాడు. పట్నంలో కల్లు దుకాణాల గడప తొక్కేవాడు కాదు. "చెట్టు దిగిన కల్లుకు ఊరు సూపెట్టొద్దు బావా, ఊరోళ్ల బుద్ధులొస్తయ్." వేములపల్లి చెట్ల కిందనే, మోదుగాకు దొప్పలో, ముందు రెండు చుక్కలు భూమికి వదిలి తాగేవాడు. రెండు దొప్పలు, అంతే.

పెళ్లయిన మరుసటేడు మా గొర్రెలకు రోగం తగిలింది. మోతె దగ్గర మా ఊళ్లో ముప్పావు మంద పోయింది. ఏం చేయాలో తోచలేదు. కోడలే అంది, "మామా, నాకు వంటొస్తది," అని. ఉన్న గొర్రెలు అమ్మి సూర్యాపేట రోడ్డు పక్కన పాక వేసి భోజనం హోటలు పెట్టాం. వండేది ఆమె, వడ్డించేది నా కొడుకు. నీళ్లు, కట్టెలు నా పని.

మొదటి పదిరోజులు బండ్లు ఆగాయి. తర్వాత తగ్గాయి. నెల తిరిగేసరికి మధ్యాహ్నం దాటినా గంజులో అన్నం అట్లాగే ఉండేది. ఎందుకో నాకు తెలుసు. వియ్యంకుడు మా ముందు నుంచే పోయి, అల్లంత దూరంలో వేరే హోటలు దగ్గర ఎడ్లను విడిచేవాడు. వాళ్ల ఇంట్లో ఒక పట్టింపు ఉంది. ఇచ్చిన బిడ్డకు కాన్పు అయ్యేదాకా ఆ ఇంట్లో తండ్రి మంచినీళ్లు కూడా ముట్టడు. ఈ పట్టింపు అందరిళ్లలో లేదు. బండ్లవాళ్లకు కనిపించింది ఒక్కటే: రుచి తెలిసిన మేస్త్రీ సొంత బిడ్డ వంట తినడం లేదు.

"కన్నతండ్రే తింటలేడు, మనమెట్ల తింటం," అని ఒకడు మా అరుగు ముందే అన్నాడు. తడిక వెనక కోడలు విన్నది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

నేను మాటలకు పనికిరాను. మూడు రోజులు ఆలోచించి ఆయన దగ్గరికి పోయాను. ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు.

"బావా, నువ్వు గీడ ఇడుస్తుంటె మా గంజుల అన్నం మిగులుతున్నది."

"ఎందుకు?"

"నువ్వు తింటలేవని."

"ఎందుకు తింటలేనో ఈళ్లకు ఎరుక లేదా?"

"ఎరుక లేదు. రుచి లేదనుకుంటున్నరు."

చేతిలో గడ్డి అట్లాగే ఉంది. ఆ సంగతి ఆయనకు తట్టనే లేదు. చాలాసేపు ఎద్దు మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నేను వచ్చేశాను.

తెల్లారి మధ్యాహ్నం ఆయన బండి మా పాక ముందు ఆగింది. వెనక బండ్లన్నీ ఆగాయి. ఆయన ఎడ్లను విప్పి, కాడి దించి, దాని మీద కూర్చున్నాడు. కాళ్లు రెండూ రోడ్డు మీదే.

"బావా, ఇస్తరి గీడికే పట్రా."

"లోపలికి రా బావా."

"లోపల నీ ఇల్లు. ఇది సర్కారు రోడ్డు."

కోడలు ఉన్నవన్నీ వడ్డించింది. విస్తరి నేనే పట్టుకుపోయాను. ఆ రోజే బండ్లలో కలిసిన ఒక ముసలి బండాయన ఎగతాళికి దిగాడు. వాళ్ల కులపాయనే, ఆ పట్టింపు ఎరిగినవాడు.

"ఏంది మేస్త్రీ, బిడ్డింటి కూడు ముట్టబడితివి?"

"రోడ్డు మీద కూసున్న. రోడ్డు నీ బిడ్డదా, నా బిడ్డదా?"

అందరూ నవ్వారు. ఆయన తినడం మొదలుపెట్టాక నవ్వు ఆగింది. ఎవరూ కదలలేదు. విస్తరి మొత్తం ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కుని తడిక వైపు చూసి అన్నాడు, "పప్పుల ఉప్పు జర తక్కువైంది బిడ్డా."

ఇక బండ్లన్నీ కదిలిపోతాయనుకున్నాను. అంతలో ఆ ముసలాయనే, "సొంత బిడ్డనే ఇడువలే, ఇగ మనకేం దాస్తడు. ఎడ్లను ఇడువుండ్రిరా," అన్నాడు. ఆ రోజు రెండోసారి ఎసరు పెట్టాల్సి వచ్చింది.

అట్లా మూడేళ్లు, ఎండైనా వానైనా, కాడి మీదనే కూర్చుని తిన్నాడు. తిన్నప్పుడల్లా ఒక వంక. ఒకరోజు కూరలో కారం, ఒకరోజు అన్నం మెత్తన. మనవడు పుట్టాక మొదటిసారి తల వంచి పాకలోకి వచ్చాడు. పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని మూడుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. చివరికి, "చారు సల్లారింది," అన్నాడు.

బండ్లు పోయాయి, లారీలు వచ్చాయి. ఆయన బస్సెక్కి వచ్చేవాడు. ఈ ఏడు ఎండాకాలంలో వచ్చినప్పుడు సగం కూడా తినలేదు. సాగనంపడానికి నేను రోడ్డు దాకా పోయాను. అక్కడ ఆగాడు.

"నోటికి రుచే తెలుస్తలేదు బావా. ఉప్పో కారమో ఎరుకైతలేదు. ఏమనకుండ పోతే బిడ్డ పరేషాన్ అయితది."

వెనక్కి తిరిగి పోయి, "ఇయ్యాల చింతపండు ఎక్కువేసినవ్," అని చెప్పి వచ్చి బస్సెక్కాడు. అదే ఆఖరు.

దినాలు అయ్యాక కోడలు నన్ను అడిగింది. "మామా, మా నాయిన ఒక్కసారన్న మంచిగుందన్నడా?"

ఆయన అట్లా అనగా నేను విననే లేదు. అబద్ధం ఆడడం నాకు రాదు. నాకు తెలిసిన ఆ చింతపండు సంగతి చెప్పాను. ఆమె నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది.

"గది బిడ్డ మీద పాణం కొట్టుకునుడు మామా. అది నాకెరుకే. నేను వంట సంగతి అడుగుతున్న."

అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మా వియ్యంకుడితో బండి తోలినవాళ్లు, కోదాడ అరుగు మీద పక్కన కూర్చుని తిన్నవాళ్లు, వేములపల్లి చెట్ల కింద దొప్ప పట్టినవాళ్లు మీలో ఎవరన్నా ఉంటారు. బిడ్డ వంట గురించి ఆయన ఎక్కడన్నా ఏమన్నా అన్నాడా? అని ఉంటే ఆయన అన్నది అన్నట్టే రాయండి. బాగాలేదన్నా సరే, మార్చకండి. ఈ పత్రిక వాళ్లకు రాస్తే నాకు అందుతుంది.

మా వీధి పోస్టుమాన్ మధ్యాహ్నం మా దగ్గరే తింటాడు. సంచి పక్కన పెట్టుకుని కూర్చుంటాడు. వడ్డిస్తున్నప్పుడు కోడలు ఆ సంచిని చూస్తుంది. ఏమీ అడగదు. ఆయన చాలన్నా ఇంకో గరిటె వేస్తుంది. జర తొందరగా రాయండి.